మధ్యలో ఆగని విమానం

జూన్ 4

బామ్మర్దీ,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కడినే అనుకో. ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని అడుగుతావు. నీ రెండు గదుల ఇంట్లో ఫోన్ మోగితే పక్కనే మీ అక్క ఉంటుంది. పనివేళల్లో చేద్దామంటే పైలట్లకి నేర్పే ఆ సిమ్యులేటర్ గదిలోకి నిన్ను ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, స్టీరింగు ముందు నన్ను ముట్టుకోనివ్వరు. అందుకే నీ ఆఫీసుకి రాస్తున్నాను. జవాబు డిపోకి రాయి. ఈ ఉత్తరాలు కూడా విమానంలోనే వస్తాయట. నాకంటే కాగితం నయం.

ఏప్రిల్లో ఏం జరిగిందో మీ అక్క నీకు చెప్పే ఉంటుంది. డిపోలో అందరితోనూ సెలవు దొరకలేదని బుకాయించాను. నీ దగ్గర దాపరికం ఎందుకు? విమానం ఎక్కాను, సీట్లో కూర్చున్నాను, బెల్టు కూడా పెట్టుకున్నాను. తలుపు మూసే ముందు లేచి దిగిపోయాను. గుండెలో వాల్వు పాడైన మనిషిని ఒంటరిగా సముద్రం దాటించి, గుండ్రాయిలా ఉన్న నేను ఇంటికొచ్చి పడుకున్నాను. కొండదారుల్లో, వానలో, పొగమంచులో ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషినిరా నేను! ఆపరేషన్ ఎప్పుడంటే అప్పుడు నేనక్కడ ఉండాలి. ఓడలు కనుక్కున్నాను. సామాన్లకే తప్ప మనుషులకి లేవట.

అందుకని ఓ పని చేశాను. నువ్వోసారి చెప్పిన విమానం ఆట ఉంది చూడు, అచ్చం నిజం విమానంలా ఉంటుందన్నావు, దానికోసం కంప్యూటర్ కొన్నాను. ఇంట్లో అలవాటైతే భయం పోతుందని ఆశ. దుకాణంవాడు అన్నిటికంటే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసిచ్చాడు. నిన్న మొదటిసారి ఎగిరాను. ఇళ్ళు చిన్నవయ్యాయి, మబ్బులొచ్చాయి. అంతలో తెర నీలంగా అయిపోయి, "అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది. గాల్లో ఉన్నవాణ్ణి వేచి ఉండమంటే ఎక్కడుండాలి బామ్మర్దీ? చొక్కా తడిసిపోయింది. ప్లగ్గు పీకేసి బయటికొచ్చి వీధిలో నిలబడ్డాను.

ఏ సిస్టమ్ వెయ్యాలో చెప్పు. మీ అక్క ఎలా ఉందో కూడా రాయి. నిజం రాయి.

నేల మీది నుంచి,
నీ బావ


జూన్ 13

బావా,

అక్క అంతా చెప్పింది. నవ్వుతూనే చెప్పింది కాబట్టి నేనూ నిన్ను తిట్టడం మానేశాను.

నువ్వు చేసిన పని మంచిదే, మొదలుపెట్టిన తీరే బాగాలేదు. భయం ఉన్నవాడికి మధ్యలో ఆగిపోయే విమానం చూపిస్తే ఇక జన్మలో ఎక్కడు. నీ విషయంలో ఆట తర్వాత, సిస్టమ్ ముందు. ఇక్కడ పైలట్లకి శిక్షణ ఇచ్చే మా గదిలో సిస్టమ్ ఒకసారి కుదిరిందంటే ఏళ్ళ తరబడి ముట్టుకోం. బజార్లో ఎన్ని కొత్తవి వచ్చినా తలెత్తి చూడం. కొత్తొక వింత పాతొక రోత అనే సామెత మా గది గుమ్మం బయటే ఆగిపోతుంది. నీకు దుకాణంవాడు వేసింది నెట్టులోంచి ఎప్పటికప్పుడు ఏదో ఒకటి దించుకుంటూ ఉంటుంది. నువ్వు మబ్బుల్లో ఉన్నావా మడిలో ఉన్నావా అని చూడదు. ముందు నెట్టు తీగ పీకెయ్. తర్వాత ఏది వెయ్యాలో రేపు మా గది పెద్దాయన్ని అడిగి రాస్తాను.

అక్క బాగానే ఉంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలో ఎవరు ఏ రంగు గొడుగు పట్టుకెళ్ళారో నాకు చెబుతూ ఉంటుంది. డాక్టర్లు ఇంకా పరీక్షలు చేస్తున్నారు.

(మర్నాడు) పెద్దాయన్ని అడిగాను బావా. మార్చక తప్పదన్నారు. కొత్తదైతే ఇలాగే మధ్యలో ఆగిపోతుందట. మరీ పాతది పెడదామంటే లోపలున్నవాటితో సరిపడదట. గట్టిరకం ఒకటుంది, తెప్పిస్తున్నాను. అది వచ్చేదాకా దాన్ని కదిలించొద్దు, ఎక్కువ పని చెప్పొద్దు. ఏ క్షణాన ఆగిపోతుందో చెప్పలేం.

తొందరలో ముగిస్తున్నాను. భోజనం మానకు.

బామ్మర్ది


జూన్ 21

ఒరేయ్,

చావు కబురు ఇంత చల్లగా చెబుతావా? "ఏ క్షణాన ఆగిపోతుందో చెప్పలేం" అని రాసి, కింద "భోజనం మానకు" అంటావా? మెతుకు దిగుతుందా నాకు?

కదిలించొద్దు అన్నారంటే మంచం మీదే ఉందన్నమాట. కిటికీ దగ్గర కుర్చీ, రంగు గొడుగులు అన్నీ నా కోసం అల్లిన కబుర్లే. పాత వాల్వు సరిపడదంటే అర్థమైంది. కొత్తది మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? నీ ఉత్తరం పట్టుకుని ఇక్కడి గుండె డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇలా మాట్లాడే పెద్ద డాక్టరు ఎవరండీ? నేనైతే ఇంకో ఆస్పత్రి చూసుకోమంటాను" అన్నాడు. గట్టిరకం తెప్పిస్తున్నానన్నావు. నువ్వెందుకు తెప్పించడం? వాల్వులు మనమే తెచ్చిపెట్టాలా అక్కడ?

డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా ఇంటికెళ్ళి సంచి సర్దుకుని విమానాశ్రయానికి వెళ్ళాను. నమ్ము. అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. నేను అడుగు వెయ్యలేదు, అవే మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. కాపలా అతను, "లోపలికా బయటికా చెప్పండి సార్" అన్నాడు. బయటే బల్ల మీద కూర్చుని పొద్దుగూకాక వచ్చేశాను.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఉన్నదున్నట్టు రాయి.

బావ


జూన్ 29

బావా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. నువ్వు విమానాశ్రయం బయట బల్ల మీద కూర్చున్న చోటికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. క్షమించు. నేను రాసింది కంప్యూటర్ గురించి! పెద్దాయన అంటే మా గది ఇన్‌ఛార్జి. మార్చాల్సింది నీ ఆపరేటింగ్ సిస్టమ్. కదిలించొద్దన్నది నీ బల్ల మీదున్న డబ్బాని. అక్క కుర్చీలోనే ఉంది, ఇవాళ ఎర్ర గొడుగులు రెండు లెక్కపెట్టింది. ఆ డాక్టరు గారికి నా తరఫున నమస్కారం చెప్పు.

ఇందులో డిస్క్ పెడుతున్నాను. ఇదే ఆ గట్టిరకం. దీన్ని తయారుచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి కొత్త సోకులేవీ చేర్చరు, చిల్లులు మాత్రం పూడుస్తుంటారు. చూడ్డానికి నదురుగా ఉండదు. దుకాణంవాడు చూస్తే మొహం చిట్లిస్తాడు. కానీ కూర్చోబెడితే కూర్చుంటుంది. తెరకి బొమ్మలందించే కార్డుకి తగిన సాఫ్ట్‌వేరు కూడా అందులోనే వేశాను. ఎలా ఎక్కించాలో వెనక కాగితంలో ఉంది. ఒకసారి నడిచాక ఇంకేమీ మార్చకు. ఎవరు ఏం చెప్పినా సరే, వేలు పెట్టనివ్వకు.

ఇంకో మాట. ఆ అద్దాల తలుపుల సంగతి చదివాక నీ జబ్బేమిటో నాకు తెలిసింది. నువ్వు నడపగలవు, కూర్చోలేవు. కాబట్టి ఆటలో నువ్వు విమానం నడపకు. దాన్ని దాని దారిన పొమ్మని చెప్పే మీట ఉంటుంది, ఆటోపైలట్ అంటారు, అది నొక్కి వెనక కుర్చీ వేసుకుని ప్రయాణికుడిలా కూర్చో. ఇక్కడికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. అందుకే మధ్యలో ఆగని సిస్టమ్ కావాలని ఇంత పట్టుబట్టాను.

బామ్మర్ది


జూలై 8

బామ్మర్దీ,

నీ గట్టిరకం బంగారం! మొదటిసారి ఎక్కించినప్పుడు ధ్వని రాలేదు. విమానం మూగదానిలా లేచింది. నీ కాగితం మళ్ళీ చదివి సరిచేశాను. అప్పట్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. దుకాణంవాడు వచ్చి చూసి నువ్వన్నట్టే మొహం చిట్లించాడు. "దీనికి సొగసేదండీ?" అన్నాడు. "మా డిపోలో పాత బళ్ళకీ లేదు, ఊరు మాత్రం చేరుస్తాయి" అన్నాను.

కూర్చోవడం మాత్రం నడపడం కంటే కష్టంరా. మొదటిరోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మలుపొచ్చినప్పుడల్లా కుడికాలు నేల మీద బ్రేకు వెతుకుతోంది. అరగంటకే లేచి విమానం తిప్పే కర్ర పట్టేసుకున్నాను. ఆ కర్ర పట్టుకుంటే మాత్రం నా అంతవాడు లేడు. నిన్న హోరుగాలిలో నున్నగా దించాను. మొన్న వానలో, ఒక ఇంజను ఆపేసి మరీ దించాను. నువ్వు చూసుంటే మీ శిక్షణ కేంద్రంలో ఉద్యోగం ఇప్పించేవాడివి.

మా కండక్టరు రోజూ డ్యూటీ దిగాక వస్తున్నాడు. నాతో ఇన్నేళ్ళు ఒకే బస్సులో తిరిగిన మనిషి, నాకంటే ఎక్కువ మాట్లాడతాడు. నా పక్కనే కుర్చీ వేసుకుని, నేను కర్ర మీద చెయ్యి వెయ్యబోతే టిక్కెట్ల కట్టతో కొడతాడు. నిన్న ఏమన్నాడో విను. "ఇన్నాళ్ళూ నీ వెనకాల బస్సెడు జనం నోళ్ళు తెరుచుకుని నిద్రపోయారు. నువ్వెవరో, కళ్ళు కనబడతాయో లేదో ఒక్కడైనా అడిగాడా? ఎక్కారు, కూర్చున్నారు, పడుకున్నారు. వాళ్ళ పాటి చెయ్యవా నువ్వు?" నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం మళ్ళీ గుర్తొచ్చింది. అద్దంలో వెనక్కి చూశాను. నిజమే, సగం మంది నిద్రే.

మీ అక్కకి చెప్పకు, ఇదంతా నవ్వులాట అవుతుంది. వచ్చే వారం పెద్ద విమానం ఎక్కుతాను, అంటే ఆటలో. నాలుగు ఇంజన్లది.

డిపో విశ్రాంతి గదిలోంచి, డీజిలు వాసనతో,
నీ బావ


జూలై 17

బావా,

ఈ ఉత్తరం కోపంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

వానలో దించావు, గాలిలో దించావు. నాలుగు ఇంజన్లట! కాగితం అటూ ఇటూ తిప్పి చదివాను. వస్తున్నాను అన్న మాట ఎక్కడా లేదు. మీ అక్క ఎలా ఉంది అని కూడా ఈసారి లేదు. నేను నీకు మందు పంపిస్తే నువ్వు దాన్ని చిరుతిండి చేసుకున్నావు. ఇంట్లో ఇన్ని విమానాలు దించినవాడు ఒక్కటి ఎక్కలేడా? ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇప్పుడు మద్దెల కూడా బాగుచేసి ఇచ్చానుగా!

ఇక దాచి లాభం లేదు. జూన్ నెలాఖరులో అక్క మేడమెట్ల దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. "తెలిస్తే అక్కడ కూర్చుని వణుకుతాడు, రాలేడు, ఆ రాలేకపోయినందుకు ఇంకా కుంగిపోతాడు. వద్దు" అంది. నీకు ఎర్ర గొడుగుల సంగతి రాసినప్పుడు ఆమె ఆస్పత్రి కిటికీ దగ్గరే ఉంది. నువ్వు అపార్థం చేసుకున్నదే నిజమైంది బావా. వాల్వు మార్చక తప్పదు. ఆగస్టు రెండున పొద్దున్నే ఆపరేషన్.

ఆమె అడగడం లేదు. నేను అడుగుతున్నాను. వస్తావా?

బామ్మర్ది


ఆగస్టు 1

బామ్మర్దీ,

ఇది కంప్యూటర్లోంచి ఈమెయిల్‌గా పంపిస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. నేను మధ్య ఊళ్ళో ఉన్నాను. విమానం మారే చోటు. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. లాడ్జిలో కింద హాల్లో ఈ కంప్యూటర్ ఉంది.

వస్తున్నానని నేను ఎందుకు రాయలేదో తెలుసా? ఏప్రిల్లో ఊరంతా చెప్పి బయల్దేరాను. ఈసారి ఒక్కరికీ చెప్పకుండా చేద్దామనుకున్నాను. పైకి అంటే ఎక్కడ జరక్కుండా పోతుందోనని భయం. మీ అక్క సంగతి అడగకపోవడానికీ అదే కారణం. అడిగితే నువ్వు ఏం రాస్తావోనని. నాలుగు ఇంజన్లు కాదురా, ఆ వారమంతా కర్ర ముట్టుకోకుండా కూర్చున్నాను. నీ కోపం ఉత్తరం అందిన రోజే టిక్కెట్టు కొన్నాను.

మొదటి విమానం ఎక్కాను. కళ్ళు మూసుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. దిగాక ఇక అయిపోయిందనుకున్నాను. రెండోదాని కోసం వరసలో నిలబడితే కాళ్ళు లేవలేదు. నా వెనకవాళ్ళు నన్ను దాటుకుంటూ వెళ్ళిపోయారు. తలుపు మూశారు. అది నిన్న. ఇవాళ పొద్దున ఇంకోటి ఉంటే దానికీ అంతే అయింది. ముందుకు వెళ్ళాలన్నా విమానమే, వెనక్కి వెళ్ళాలన్నా విమానమే. చుట్టూ నీళ్ళు. బస్సు నడిరోడ్డు మీద ఆగిపోతే దిగి బానెట్ ఎత్తి చూస్తాం. ఇక్కడ ఏది ఎత్తి చూడనురా?

సాయంత్రం ఆఖరిది ఉందట. మీ అక్కకి చెప్పొద్దు. నాకు ఏదో ఒకటి రాయి. తిట్టినా సరే.

బావ


ఆగస్టు 1, మధ్యాహ్నం

బావా,

తిట్టను. నువ్వు సగం దూరం వచ్చావని చదివి, గదిలో అందరూ చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాను.

అక్కని మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాను. భోజనం చేసింది. "మీ బావ వచ్చినా రాకపోయినా నువ్వు తిట్టకు" అని నాకు చెప్పింది. నేనప్పటికే తిట్టేశానని చెప్పలేదు.

నీకు ఇన్నాళ్ళూ అన్నీ తెలిసినవాడిలా ఉత్తరాలు రాశాను. ఇలా కూర్చో, అలా కూర్చో, మార్చకు, ముట్టుకోకు. రేపు పొద్దున్న ఆమెని లోపలికి తీసుకెళ్తారు. తలుపు వేసేస్తారు. బయట ఒక బల్ల ఉంది, ఇవాళ చూసొచ్చాను. గంటల తరబడి అక్కడ చేతులు కట్టుకుని కూర్చోవాలి. నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. లోపల ఎవరో నాకు తెలియని మనిషి చేతిలో అంతా ఉంటుంది. నాకు భయంగా ఉంది బావా. అలా కూర్చోవడం నువ్వు నెల్లాళ్ళుగా నేర్చుకుంటున్నావు. నాకు రాదు. నేనెప్పుడూ మీటల వైపు మనిషినే.

నువ్వు రాలేకపోతే నీ మీద కోపం పెట్టుకోను, ఒట్టు. కానీ ఆ బల్ల మీద నా పక్కన ఎవరైనా ఉంటే బాగుండును.

బామ్మర్ది


సెప్టెంబర్ 20

బామ్మర్దీ,

నిన్న ఇల్లు చేరాం. ఇద్దరం కులాసా. మీ అక్క అప్పుడే వంటింట్లో డబ్బాలన్నీ తిరగేసి, నేను ఏ డబ్బాలో ఏది పోశానో చూసి ఇంకా తిడుతూనే ఉంది. ఇల్లు సద్దుమణిగినప్పుడు పక్కన కూర్చుంటే ఆమె కొత్త వాల్వు టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. ఆమెకి చిరాకు. నాకు మాత్రం అంతకంటే మంచి శబ్దం లేదు. ఇదీ గట్టిరకమే.

ఆ రోజు ఎలా ఎక్కావని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "వచ్చావా" అన్నావంతే. తర్వాత బల్ల మీద నా భుజానికి తల ఆనించి గురక పెట్టావు. ఇప్పుడు చెబుతాను. నీ జవాబు చదివాక ముఖం కడుక్కుని బయల్దేరాను. వరసలో మళ్ళీ కాళ్ళు బిగుసుకున్నాయి. అక్కడ టిక్కెట్లు చూసే అమ్మాయితో, "తల్లీ, నాకు భయం. నేను ఆగిపోతే కాస్త ముందుకు తొయ్యి" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. నా సంచి తీసుకుని ముందు నడిచింది. సంచి వెళ్ళిపోతుంటే మనిషి వెళ్ళక ఏం చేస్తాడు? గాల్లో గతుకులొచ్చాయి. అక్కడ కూడా రోడ్డు బాగుచెయ్యరన్నమాట. భయం పోలేదురా. ఇప్పటికీ పోలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చానంతే.

కంప్యూటర్ని నేను బయల్దేరేముందే కండక్టరు ఇంటికి పంపించేశాను. సిస్టమ్ మార్చొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. నిన్ననే ఏదో సముద్రంలో పడ్డాడట.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు మీ అక్క కిటికీ వైపు, నేను పక్కన. విమానం లేచేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె చెయ్యి నా మణికట్టు మీద ఉంది. గోళ్ళు దిగబడేంత గట్టిగా పట్టుకుంది. మొహం చూస్తే పాలిపోయి ఉంది. "నీకూ భయమా?" అన్నాను.

"మరి! నీకొక్కడికే అనుకున్నావా?" అంది.

ఇన్నాళ్ళూ నా భయం చుట్టూనే ఊరేగాను కదా! కంప్యూటర్లట, సిస్టములట, డిస్కులట. ఈ మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వూ అడిగి ఉండవు. అప్పుడు అడిగాను. "మరి ఏప్రిల్లో నేను దిగిపోయాక ఒక్కదానివే ఎలా వెళ్ళావే?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"నీ సీటు ఖాళీగా ఉంది కదా," అంది. "అవతల కూర్చున్నావిడ తన సంచి పెట్టుకుంటానంది. వద్దండీ, ఇక్కడ మనిషున్నారు అన్నాను. విమానం లేచాక ఆవిడ నావైపు అదోలా చూసింది. మళ్ళీ అడిగింది. మనిషున్నారండీ అన్నాను. దిగేదాకా అదే మాట. విమానం మారాక అక్కడా నీ సీటు ఖాళీయే. అక్కడా అదే చెప్పాను."

నా మణికట్టు మీద ఆమె చెయ్యి అలాగే ఉంది. విమానం నేలకి దిగేటప్పుడు కళ్ళు మూసుకోలేదు బామ్మర్దీ, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

మీ బావ